ఆరడుగుల గొయ్యి, మూడడుగుల నీళ్ళు

రాద్దామని కూర్చుని గంటయింది. ఈలోపు రెండుసార్లు టీ తాగాను. నేను చదివింది నాలుగో తరగతి, అదీ సగంలో ఆపేశాను. పనిలో ఉన్నన్నాళ్ళూ నేను రాసింది రిజిస్టర్‌లో పేరు, వయసు, టైము, అంతే. మా కాలనీలో లైబ్రరీ నడిపే మేడం గారు పని మానేసిన వాళ్ళందరినీ పట్టుకుని, మీ ఉద్యోగం గురించి పిల్లలకి పనికొచ్చేట్టు రాసివ్వండి అని అడుగుతున్నారు. పోస్టాఫీసాయన రాశారు. బస్సు డ్రైవర్ గారు పది పేజీలు రాశారు. నా దగ్గరికొచ్చి, మీరేం చేసేవారండీ అన్నారు. శ్మశానంలో చేసేవాణ్ణండీ అన్నాను. ఆవిడ, అయితే మీరు తప్పకుండా రాయాలండీ అన్నారు. అందుకని కూర్చున్నాను. తప్పులుంటే సర్దుకు చదువుకోండి.

ముందే చెబుతున్నా, దీంట్లో దెయ్యాలుండవు. ముప్పై ఏళ్ళ పైన చేశాను, ఒక్కటీ కనపడలేదు. కనపడితే ఓ చెయ్యి వెయ్యమని అడిగేవాణ్ణి, మా దగ్గర పనికి ఎప్పుడూ మనుషులు చాలేవాళ్ళు కాదు.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పాలి. ఈ పని చేసేవాడు ఎప్పుడూ మొహం వేలాడేసుకుని ఉంటాడని జనం అనుకుంటారు. అదేం లేదు. మేం బాగా నవ్వేవాళ్ళం. పోయినవాళ్ళని చూసి కాదు. బతికున్నవాళ్ళని చూసి, ఎక్కువగా మమ్మల్ని మేం చూసుకుని. ఇప్పుడు రాసేది నన్ను చూసి ఊరు ఊరంతా నవ్విన రోజు గురించి. శవం పక్కనుండగానే నవ్వారు. అది తప్పని మీరు అనుకోవచ్చు. చివరిదాకా చదివి అనుకోండి.

మొదట్లో నేను గుణదల కొండ దిగువన ఒక సమాధుల తోటలో గోతులు తవ్వేవాణ్ణి. అక్కడ నేల చాలా గట్టి. గునపం వేస్తే నిప్పురవ్వలు లేచేవి. ఒక్క గొయ్యికి ఇద్దరం పొద్దున్న దిగితే మధ్యాహ్నం భోజనాల వేళకి పైకొచ్చేవాళ్ళం. కానీ ఒకసారి తవ్వామంటే గోడ సిమెంటు చేసినట్టు నిలబడేది. నాకు పని నేర్పిన ముసలాయన చేతికర్ర దించి లోతు కొలిచేవాడు. బెత్తెడు తగ్గినా మళ్ళీ దిగమనేవాడు. ఆరడుగులు, ఆరడుగులు అని రోజూ వినీ వినీ ఆ లెక్క నా ఒంట్లోకి ఎక్కేసింది.

తర్వాత సిటీలో శవాల్ని కాల్చే గ్యాస్ మిషన్ దగ్గర వేశారు. అక్కడ చాలా ఏళ్ళు చేశాను. ఆ మిషన్ సంగతులు రాస్తే అదే ఒక పుస్తకం అవుద్ది, నా వల్ల కాదు. ఒక్కటి చెబుతాను. ఒకసారి ఒక తాతగారిని తెచ్చారు. ఆయనకి ఇష్టమని ఇద్దరు మనవళ్ళు పంచె మడతలో క్వార్టర్ సీసా పెట్టారు. మాకు చెప్పలేదు. తలుపేసిన కాసేపటికి లోపల ఢామ్మంది. బయట నలభై మంది దాకా కూర్చున్నారు, అందరూ ఒక్క ఉరుకున గేటు దాటేశారు. ఇద్దరే కుర్చీల్లోంచి కదల్లేదు. వాళ్ళే ఆ మనవళ్ళు.

అది నవ్వుకోడానికి బానే ఉంటది గానీ, జేబులో సెల్‌ఫోను ఉండిపోయినా అంతే. గుండె దగ్గర బ్యాటరీ పెట్టించుకున్న మనిషైతే మరీ ప్రమాదం. అది పేలితే లోపల ఇటుకలు పగులుతాయి, మిషన్ దగ్గర నిలబడ్డవాడికి దెబ్బ తగలొచ్చు. ఆస్పత్రిలో ఉండగానే తీయించమని అడగండి. మాకు చెప్పడానికి మొహమాటపడకండి. డాక్టరు ఇచ్చిన కాయితం, ఆధార్ జిరాక్సు కూడా ఒక కవర్లో పెట్టి, ఏడవని మనిషెవరైనా ఉంటే వాళ్ళ చేతికివ్వండి. కళ్ళు తుడుచుకుంటూ జిరాక్సు షాపు వెతుక్కునేవాళ్ళని ఎంతమందిని చూశానో.

ఇంక అసలు సంగతిలోకి వస్తా.

పని మానేయడానికి నాలుగేళ్ళ ముందు మా కాంట్రాక్టరు నన్ను దిగువకి పంపాడు. కూచిపూడి దాటి ఇంకా సముద్రం వైపు వెళితే ఒక పెద్ద ఊరు. చుట్టూ వరి, చేపల చెరువులు, కాలవలు. ఆ ఊరి కమిటీవాళ్ళు శ్మశానం కొత్తగా బాగుచేయించారు. కాల్చేవాళ్ళకి రేకుల షెడ్డు, పూడ్చేవాళ్ళకి పక్కన ఎకరం నేల, చుట్టూ గోడ, ఒక బోరింగు. బెజవాడలో పని తెలిసినవాడు కావాలని వాళ్ళు అడిగితే నన్ను పంపారు. నేను కొత్త చొక్కా వేసుకుని దిగాను. బెజవాడ నుంచి వచ్చినాయన అని అందరూ అండీ అండీ అంటుంటే నేల మీద నిలవలేదు నేను.

అక్కడ ముందునుంచీ ఒక అక్క పనిచేస్తోంది. నాకంటే ఐదారేళ్ళు పెద్దది. ఊడవడం, గడ్డి కోయడం, గొయ్యి తవ్వే కూలీలని పిలుచుకురావడం అన్నీ ఆవిడే. ముప్పావు వంతు పని ఆవిడదే, అజమాయిషీ మాత్రం నాది. మొదటిరోజే ఆవిడ నాకో మాట చెప్పింది. తమ్ముడూ, వానాకాలంలో ఇక్కడ రెండున్నర అడుగులు దాటి దిగకు, కిందంతా ఊట అంది. నేను సరే అక్కా అన్నాను. మనసులో మాత్రం, కొండ పక్కన రాయి తొలిచి వచ్చినవాణ్ణి, గ్యాస్ మిషన్ నడిపినవాణ్ణి, నాకు చీపురు పట్టుకుని చెప్పొచ్చింది అనుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది, అయినా అనుకున్నది అనుకున్నట్టు రాయాలిగా.

నేను వెళ్ళింది ఎండాకాలం. కాలవలు కట్టేశారు. నేల నెర్రెలిచ్చి ఉంది. మొదటి గొయ్యి ఆరడుగులు దింపాను. చుక్క నీరు లేదు. రెండోది దింపాను. అదీ పొడిగానే ఉంది. చూశావా అక్కా అన్నాను. ఆవిడ చీపురు దులుపుకుని వెళ్ళిపోయింది. నేను గెలిచాననుకున్నాను. ఆవిడ శ్రావణం కోసం ఎదురుచూస్తోందని నాకేం తెలుసు.

శ్రావణం వచ్చింది. కాలవలు నిండుగా పారుతున్నాయి, పైనుంచి వారం రోజులుగా ముసురు. ఒకరోజు మధ్యాహ్నం బెజవాడ ఆస్పత్రి నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. వాళ్ళ అమ్మగారు పొద్దున పోయారంట. ఆ అమ్మగారిది నేను పనిచేసే ఊరే. సముద్రం ఒడ్డు నుంచి చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్మి పిల్లని పెంచిన మనిషి. భర్త సముద్రం మీద వేటకెళ్ళేవాడు, తొమ్మిదేళ్ళ క్రితం పోతే మా శ్మశానంలోనే పూడ్చారు. వాళ్ళ ఇంట్లో పూడ్చడమే ఆచారం. ఆయన పక్కన ఒక చోటు ఖాళీగా ఉంది. అది ఈవిడ కోసమే ఉంచారని ఊళ్ళో అందరికీ తెలుసు, ఎందుకంటే ఈవిడే అందరికీ చెప్పుకుంది. ఆయన్ని ఒక్కణ్ణే వదిలితే అక్కడ పక్కవాళ్ళతో పేచీ పెట్టుకుంటాడు, నేను దగ్గరుండాలి అనేదంట.

కూతురు ఫోన్లో మెల్లగానే మాట్లాడింది. రేపు పదకొండింటికల్లా తెస్తాం, వానలు కదా బాబాయ్, అక్కడ నేల ఎలా ఉంది అని అడిగింది.

నేను ఆ ప్రశ్నకి లేచెళ్ళి నేల చూసి జవాబు చెప్పాలి. పార తీసుకుని నాలుగు అంగల్లో వెళ్ళొచ్చేదే. నేను కుర్చీలోంచి లేవలేదు.

"ఏం కంగారు పడకమ్మా. ఆరడుగులు దింపి రెడీగా ఉంచుతా. రేపు పొద్దుగూకేలోపు మీ అమ్మగారు మీ నాన్నగారి పక్కనుంటారు. నాదీ పూచీ."

పక్కనే అక్క ఊడుస్తోంది. చీపురు చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్ళీ మొదలైంది.

పొద్దున్నే ఇద్దరు కూలీలతో దిగాను. రెండడుగుల దాకా బానే ఉంది. మూడో అడుగులో మట్టి పారకి అంటుకోవడం మొదలైంది. తర్వాత పార ఎత్తిన ప్రతిసారీ అడుగున చిన్న గుంట, గుంట నిండా నీళ్ళు. ఒక కూలీ, అయ్యా ఆపుదామా అన్నాడు. నేను దించండి అన్నాను. మామూలుగా గొయ్యి పైనుంచి కిందకి తవ్వుతారు. ఆ రోజు మేం తవ్వుతుంటే కిందనుంచి నీళ్ళు పైకి వస్తున్నాయి, ఎవరు ముందు గెలుస్తారో అన్నట్టుంది. ఎనిమిదిన్నరకి నేను ఆరడుగులు గెలిచాను. అందులో మూడడుగులు నీళ్ళే.

అప్పుడు నాకో తెలివి వచ్చింది. పూడ్చేటప్పుడు ఉప్పు వేస్తారు కదా, వాళ్ళ చుట్టాలు ముందురోజే ఒక బస్తా దించి వెళ్ళారు. ఉప్పు తేమ పీల్చుకుంటదని చిన్నప్పుడెప్పుడో విన్నాను. సగం బస్తా గోతిలో పోశాను. పోసి గట్టున నిలబడి చూస్తున్నా, ఎప్పుడు పీలుస్తదా అని.

అక్క వచ్చి తొంగిచూసింది. "ఉప్పు పడింది. ఇంక చింతపండు పిసికావంటే పులుసే, తమ్ముడూ" అని వెళ్ళిపోయింది.

పదకొండు కొట్టకముందే బండి వచ్చింది. అమ్మగారిని షెడ్డు కింద అరుగు మీద పెట్టారు, చుట్టూ ఆడవాళ్ళు కూర్చున్నారు. డప్పులవాళ్ళు ఒక పక్కన నిలబడ్డారు. జనం బాగా వచ్చారు, ఆవిడ చేపలు కొననివాళ్ళు ఆ చుట్టుపక్కల లేరుగా. కూతురికి నలభై అయిదేళ్ళుంటాయి. బెజవాడలో ఎండుచేపల కొట్టు ఆవిడకి. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గానీ ఏడవట్లేదు. పనులన్నీ తనే చూసుకుంటోంది, ఇంకా ఏడవడానికి తీరిక దొరకలేదు పాపం.

ఆవిడతోపాటు మేనమామ వచ్చాడు. పోయినావిడకి తమ్ముడు, డెబ్బై ఏళ్ళ మనిషి. చేపల చెరువులకి గట్లు వేయించే పని ఆయనది. ఆయన మాటే వాళ్ళింట్లో చెల్లుద్ది. తిన్నగా గొయ్యి దగ్గరికొచ్చి లోపలికి చూశాడు. నన్ను చూశాడు. మళ్ళీ లోపలికి చూశాడు.

చేపపిల్లల్ని కూడా తెచ్చి వదలకపోయావా, సంక్రాంతికి పట్టుకునేవాళ్ళం అన్నాడు.

నేను ఆరడుగులండీ అన్నాను.

ఆయన మేనకోడలి దగ్గరికెళ్ళి గట్టిగానే చెప్పాడు. మా అక్కని నీళ్ళలో పడుకోబెట్టడానికి నేనొప్పుకోను, షెడ్డులో ఎండు కట్టెలున్నాయి, వానాకాలంలో మనవాళ్ళు చాలామంది కాలుస్తూనే ఉన్నారు, తప్పేం లేదు అన్నాడు. ఆయన చెప్పింది అన్యాయం కాదు. నా తోబుట్టువే పోతే నేనూ అదే అనేవాణ్ణి. కూతురు మాత్రం అమ్మ ఒక్కటే అడిగింది మావయ్యా, ఇంకేం అడగలేదు అంది. ఇద్దరూ కాసేపు అటూ ఇటూ అనుకున్నాక పెద్దాయన సెల్‌ఫోన్ తీసి టైము చూశాడు. నాలుగింటి దాకా చూస్తా, అప్పటికి ఆ గొయ్యి పొడిగా లేకపోతే కట్టెల మీదే అన్నాడు. ఒప్పందం అయిపోయింది. మాట ఇచ్చింది నేను, గడువు ఆవిడకి పడింది.

పక్క చెరువు వాళ్ళ దగ్గర డీజిల్ ఇంజను ఉంటే తెప్పించాను. గోతిలో పైపు దించి ఇంజను కొట్టారు. అబ్బో, ఆ నీళ్ళు ఎగిరి గోడ అవతల పడుతుంటే నాకు మళ్ళీ ప్రాణం వచ్చింది. చెరువులవాళ్ళు ఇలాంటి పని రోజూ చేసేవాళ్ళేగా. అరగంటలో అడుగు కనపడింది. జనం చుట్టూ మూగారు. అడుగున ఇసకా బురదా ఉంది, చదును చేసేస్తే సరిపోద్దనిపించింది. కూలీలు మేం దిగం అంటే దిగం అన్నారు. ఏం భయం రా అని నేనే దిగాను. పెద్దాయన చూస్తున్నాడు, కూతురు చూస్తోంది, అక్క చూస్తోంది. చదును చేస్తూ పైకి చూసి నవ్వాను కూడా.

అప్పుడు గొయ్యికి దారి వైపున్న గోడ మెల్లగా, చాలా మర్యాదగా, నా మీద కూర్చుంది.

చప్పుడేం కాలేదు. పెరుగు జారినట్టు జారింది. నడుం దాకా బురదలో బిగుసుకుపోయాను. కాలు లాగుదామంటే రెండోది దిగుతోంది. నా అదృష్టం, ఆ అమ్మగారి భర్త సమాధి ఉన్న వైపు గోడ కదల్లేదు. ఇటుపక్కే జారింది. కానీ ఇంజను మోతలో నా అరుపు ఎవరికీ వినపడలేదు. రెండు చేతులూ పైకెత్తి ఊపాను. డప్పులవాళ్ళు దూరం నుంచి నా చేతులు మాత్రం చూశారు. గొయ్యి సిద్ధమైంది, మొదలుపెట్టమంటున్నాడు అనుకున్నారు. దరువు మొదలుపెట్టారు.

నేను ఇంకా గట్టిగా ఊపాను. వాళ్ళు ఇంకా గట్టిగా వాయించారు.

డప్పులు మోగాయంటే శవాన్ని ఎత్తుతున్నారని ఆడవాళ్ళంతా లేచి ఏడుపు అందుకున్నారు. పాడె ఎత్తడానికి నలుగురు వంగారు. నేను గోతిలోంచి, నేను బతికే ఉన్నా, నేను బతికే ఉన్నా అని అరుస్తున్నా. ఆ మాట ఎందుకన్నానో నాకిప్పటికీ తెలియదు. నేను పోయానని ఎవరూ అన్లేదుగా.

చివరికి అక్క వచ్చి తొంగిచూసి ఇంజను ఆపమంది. డప్పులూ ఆగాయి. అంత నిశ్శబ్దంలో నా అరుపు ఒక్కటే వినపడింది. చెరువులవాళ్ళ వల తెచ్చి నా చంకల కింద చుట్టి ఆరుగురు మగవాళ్ళు లాగారు. ఒకటి రెండు మూడు అని లాగేసరికి పెద్ద బొచ్చె చేప పైకొచ్చినట్టు నేను పైకొచ్చాను. నా లుంగీ లోపలే ఉండిపోయింది. చారల నిక్కరుతో, మెడదాకా బురదతో, వలలో చుట్టుకుని శవయాత్రకొచ్చిన జనం ముందు పడ్డాను. దుబాయ్‌లో ఉన్న చుట్టాలకి ఎవరో వీడియో కాల్‌లో చూపిస్తున్నారంట. వాళ్ళూ చూశారు.

ఒక ముసలావిడ, తవ్వినోడే ముందు పడుకుని చూసుకున్నాడు, చోటు బాగుందో లేదో అంది.

అంతే. ముందు ఎవరో ఒకరు ముక్కుతో నవ్వారు. తర్వాత ఇద్దరు. తర్వాత పాడె మోయడానికొచ్చిన నలుగురూ నేల మీద కూర్చుండిపోయారు. ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకుని ఊగిపోతున్నారు. కూతురైతే కడుపు పట్టుకుని, అమ్మ ఉంటే, అమ్మ చూసుంటే అని నవ్వుతోంది. ఆ మాట రెండుమూడుసార్లు అన్నాక నవ్వు ఏడుపయిపోయింది. ముందురోజు నుంచీ రాని ఏడుపు అప్పుడొచ్చింది. వాళ్ళ అమ్మ తల దగ్గర కూర్చుని చాలాసేపు ఏడ్చింది. ఎవరూ ఆపలేదు. నేనూ నిక్కరుతోనే నిలబడి ఏడ్చాను.

అప్పటికి రెండయింది. గోతిలో చూస్తే నీళ్ళు మళ్ళీ మోకాలిలోతు. పెద్దాయన కళ్ళు తుడుచుకుని, చాలమ్మాయ్, ఇంక కట్టెలు పేర్పిస్తా అన్నాడు. జనం కూడా అదే మేలన్నారు. కూతురు లేచి నా దగ్గరికి వచ్చింది. కోప్పడుతుందనుకున్నాను.

"బాబాయ్, నిజం చెప్పు. నీ వల్ల అవుద్దా అవదా?"

ముప్పై ఏళ్ళలో నన్ను ఎవరూ అలా అడగలేదు. ఇలాంటప్పుడు మా నోటికి వచ్చే మాటలు వేరేగా ఉంటాయి. అయిపోద్దమ్మా, చూద్దామమ్మా, మేమున్నాంగా అంటాం. అవి నాలిక చివరిదాకా వచ్చాయి కూడా. ఆవిడ మొహం చూస్తే అనలేకపోయాను.

"నా వల్ల అవదమ్మా. నాకు ఈ నేల తెలియదు. అక్కకి తెలుసు. మొదటిరోజే చెప్పింది, నేనే వినలేదు."

అందరూ అక్క వైపు తిరిగారు. ఆవిడ అప్పటికే కొంగు బిగించింది. నన్ను ఒక్క మాట అనలేదు, అంటే బాగుండేది. కూతురితో చెప్పింది. ఇక్కడ వానాకాలంలో మనిషిని కిందకి దింపకూడదమ్మా, నేలనే పైకి తేవాలి. ఈ గొయ్యి పైన రెండడుగులే మిగిలేదాకా మళ్ళీ పూడ్చేద్దాం. అడుగున ఇసక పరుద్దాం. చుట్టూ బంకమట్టితో గట్టు కడదాం, చెరువుకి కట్టినట్టే, కాకపోతే చెరువులో నీళ్ళు బయటికి పోకుండా కడతాం, ఇక్కడ బయటి నీళ్ళు లోపలికి రాకుండా. పైన నడుమెత్తు మట్టి పోద్దాం. నీళ్ళకి ఆవిడ అందదు. మీ నాన్ననీ అలాగే పెట్టాం, నువ్వప్పుడు చూసే స్థితిలో లేవు అంది.

కూతురు సరే అంది. పెద్దాయన వెళ్ళి కట్టెల మీద కూర్చున్నాడు, ఫోన్‌లో టైము చూసుకుంటూ.

మట్టి మోయడం మొదలైంది. గోడ పక్కన ఎత్తుగా ఒక మట్టిదిబ్బ ఉంది, అక్కడినుంచి. పోయినావిడతో కలిసి చేపలమ్మిన ఆడవాళ్ళు ఇరవై మంది దాకా ఉన్నారు. ఎవరూ పిలవలేదు. ఆటోల్లో ఉన్న చేపల గమేళాలు తెచ్చి, తల మీద చుట్టకుదురు పెట్టుకుని వరసలో నిలబడ్డారు. నాకెవరో లుంగీ ఇచ్చారు, అక్క ఒక గమేళా ఇచ్చింది. మొయ్ అంది. మోశాను. నా ముందు నడిచే ఒకావిడ, బెజవాడాయనా, నీ తట్టలో చేపలెంత అని అరిచింది. ఇంకొకావిడ, అమ్మో ఆయన దగ్గర కొనకే, అది బురదలోంచి తీసింది, నేను చూశాను అంది. అందరూ మళ్ళీ మొదలుపెట్టారు. మట్టి మోస్తున్నంతసేపూ పోయినావిడ గురించే మాట్లాడుకున్నారు, తూకం దగ్గర ఎవర్నెలా తిట్టేదో, బస్సులో కండక్టరుతో ఎలా పోట్లాడేదో. నాకు ఆవిడతో ఎప్పట్నుంచో పరిచయం ఉన్నట్టయింది.

కూలీలిద్దరూ గట్టు కడుతున్నారు. మట్టి తెచ్చి కుప్పపోసి పారతో కొడుతున్నారు. కట్టెల మీద పెద్దాయన అటు చూడకూడదని తల తిప్పుకున్నాడు. మళ్ళీ చూశాడు. మళ్ళీ తిప్పుకున్నాడు. నేను మట్టి మోస్తూ ఆయన్నే గమనిస్తున్నా. యాభై ఏళ్ళు గట్లు వేయించిన మనిషి, కళ్ళముందు ఎవడో గట్టు తప్పుగా వేస్తుంటే ఎంతసేపు కూర్చుంటాడు.

"అలా కొడితే రేపటికి జారుద్ది. లేవండ్రా అక్కణ్ణుంచి."

చొక్కా విప్పి మేనకోడలి చేతికిచ్చాడు. పంచె ఎగ్గట్టాడు. బంకమట్టి పల్చగా పరిపించి, తడిపి, తనే కాళ్ళతో తొక్కడం మొదలుపెట్టాడు. ఒక వరస తొక్కడం, పైన ఇంకో వరస పోయించడం, మళ్ళీ తొక్కడం. ఏటవాలు ఇటు పెట్టండి, మూల వదలకండి, ఆ ఇసక కలపకండి అని అందర్నీ కేకలేస్తున్నాడు. చేపలమ్మే ఆడవాళ్ళు కొందరు కూడా దిగి తొక్కారు. డప్పులవాళ్ళు ఊరికే నిలబడలేక మెల్లగా దరువు వేశారు, ఈసారి నా చేతులు చూసి కాదు, ఆయన కాళ్ళు చూసి. ఒకచోట ఆయన ఆగి అక్కని పిలిచి, ఇక్కడ ఇంకొంచెం పైకి తేనా అని అడిగాడు. అక్క తెమ్మంది.

నాలుగయింది. ఆయన పెట్టుకున్న అలారం చొక్కా జేబులో ఫోన్లో మోగింది. కూతురు తీసి మావయ్యా నాలుగు అంది. ఆయన తల కూడా ఎత్తలేదు. ఇంకో గంట అన్నాడు.

ఇక్కడ పిల్లలకి నాలుగు ముక్కలు చెప్పి ముగిస్తాను, లేకపోతే మేడం గారు పనికొచ్చే సంగతులేవి అంటారు. మీ ఇంట్లో పెద్దవాళ్ళకి పూడ్చాలని ఉందో కాల్చాలని ఉందో బతికుండగానే అడగండి. భయపడకండి, అడిగితే ఎవరూ పోరు. ఒక్కరికి కాదు, ఇద్దరు ముగ్గురికి తెలిసి ఉండాలి. ఈ అమ్మగారు ఊరంతా చెప్పుకోబట్టే ఆ రోజు అంతమంది తట్టలెత్తారు. పూడ్చేదైతే నేల గురించి అక్కడ పనిచేసేవాణ్ణి అడగండి, వాడు కుర్చీలోంచి లేవకుండా జవాబు చెబితే నమ్మకండి. దిగువ ఊళ్ళలో వానాకాలమైతే ఎంత లోతు అని అడక్కండి, ఎంత ఎత్తు అని అడగండి. సమాధి మీద వెంటనే సిమెంటు కట్టేయకండి. ఏడాది పోనివ్వండి, మట్టి కుంగుతుంది, మళ్ళీ పోయాలి, కుంగడం తప్పేం కాదు, మీరేం తక్కువ చేసినట్టు కాదు. ఇంకోటి, నవ్వొస్తే నవ్వండి.

ఐదు దాటాక అమ్మగారిని తెచ్చారు. ఇసక మీద చాప పరిచి పడుకోబెట్టారు. మిగిలిన సగం బస్తా ఉప్పు వేశారు, ఈసారి వేయాల్సిన చోట. అందరూ మూడేసి పిడికిళ్ళ మట్టి వేశారు. నన్నూ వెయ్యమన్నారు. వేశాను. తర్వాత పైన మట్టి పోసి, నున్నగా చేసి, వానకి కొట్టుకుపోకుండా గడ్డిచెక్కలు పేర్చారు. ముసురు విడిచింది. తాటిచెట్ల మీద ఇంకా ఎండ ఉంది. పొద్దుగూకేలోపు అని నేనన్న మాట నిలబడింది, నిలబెట్టింది మాత్రం నేను కాదు.

కూతురు రెండు సమాధుల మధ్యా నిలబడి ఇటు చూసింది, అటు చూసింది. వాళ్ళ నాన్నది తొమ్మిదేళ్ళ వానలకి కుంగి నేలకి సమానమైపోయింది. వాళ్ళమ్మది నడుమెత్తున కొత్తగా మెరుస్తోంది.

"మావయ్యా, ఇంక నాన్న అమ్మని తలెత్తి చూడాల్సిందే."

పెద్దాయన బోరింగు దగ్గర కాళ్ళ బురద కడుక్కుంటున్నాడు. తిరిగి కూడా చూడలేదు.

"బతికున్నన్నాళ్ళూ మా బావ చేసింది అదేగా" అన్నాడు.